పెద్ద ట్యాంకు నుంచి చిన్న క్యాన్‌లోకి: గ్యాస్ నింపడంపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: అమెరికాలో డాలస్ దగ్గర ఉంటాం. పిల్లలతో తరచూ క్యాంపింగ్‌కి వెళ్తాం. స్టవ్‌కి వాడిన పచ్చరంగు 1 పౌండు ప్రొపేన్ క్యాన్లు గరాజ్‌లో పోగుపడ్డాయి. బార్బెక్యూ కోసం 20 పౌండ్ల ట్యాంకు ఎలాగూ ఉంది. రెండింటినీ కలిపే ఇత్తడి అడాప్టర్ ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. ఖాళీ క్యాన్లు నింపుకోవచ్చా?

జవాబు: ఆ పచ్చ క్యాన్లలో నింపకండి. క్యాన్ మీద ‘డాట్-39’, ‘ఎన్‌ఆర్‌సి’ అని ఉంటుంది చూడండి. ఒక్కసారి వాడి పారేయడానికి చేసిందని దాని అర్థం. తిరిగి నింపిన అలాంటి క్యాన్‌ను రవాణా చేస్తే 5 లక్షల డాలర్ల వరకు జరిమానా, 5 ఏళ్ల వరకు జైలు అని ఆ లేబుల్ మీదే అచ్చువేస్తారు. అడాప్టర్ అమ్మకానికి దొరికినంత మాత్రాన క్యాన్ పనికొస్తుందని కాదు.

చట్టం సంగతి అటుంచి అసలు కారణం చూద్దాం. క్యాన్ మూతిలో ఉండేది సైకిల్ ట్యూబు వాల్వు లాంటి చిన్న పిన్ను, దాని కింద రబ్బరు సీలు. స్టవ్‌కి బిగించి విప్పుతున్న కొద్దీ ఆ రబ్బరు నలుగుతుంది. పైకి బాగానే కనిపించే క్యాన్ రాత్రంతా కారు డిక్కీలో సన్నగా కారుతుంటుంది. అంతకన్నా పెద్ద లోపం, ఎంత నిండిందో చెప్పే ఏర్పాటు అందులో ఏమీ లేకపోవడం.

ఈ రెండో విషయాన్ని లెక్కవేసి చూడాలి. 1 పౌండు క్యాన్ లోపలి పరిమాణం సుమారు 1,080 మిల్లీలీటర్లు. ప్రొపేన్ ద్రవం వేడెక్కితే నీటికన్నా చాలా ఎక్కువగా ఉబ్బుతుంది. సరైన తూకం, అంటే 453 గ్రాములు ఉంటే 50 డిగ్రీల ఎండలో కూడా ద్రవం లీటరు దగ్గరే ఆగుతుంది, పైన ఆవిరికి కాస్త చోటు మిగులుతుంది. అదే క్యాన్‌ను మంచులో చల్లబరిచి 0 డిగ్రీల దగ్గర అంచుదాకా నింపారనుకోండి, 570 గ్రాములు పడుతుంది. ఆ ద్రవానికి 40 డిగ్రీల దగ్గర 1,220 మిల్లీలీటర్ల చోటు కావాలి. చోటు లేదు, ద్రవం నొక్కుకోదు, ఒత్తిడి ఒక్కసారిగా లేస్తుంది. సేఫ్టీ వాల్వు తెరుచుకుంటే గ్యాస్ బయటికి చిమ్ముతుంది, తెరుచుకోకపోతే రేకు చీలుతుంది. టెక్సస్ ఎండలో కారు లోపల 40 డిగ్రీలు దాటడం ఎంతసేపు?

మన ఇళ్లలోని బండకూ ఇదే సూత్రం. 33.3 లీటర్ల నీరు పట్టే సిలిండర్‌లో 14.2 కిలోలే నింపుతారు. అంటే నీటి బరువులో 42.6 శాతం. అమెరికాలో ప్రొపేన్‌కి 42 శాతం. ఈ ద్రవం నీటికన్నా తేలిక కాబట్టి ఆ తూకానికే సిలిండర్ చాలావరకు నిండుతుంది. పైన మిగిలిన ఖాళీ ఉబ్బడానికి వదిలినది.

మీకు కావలసింది తిరిగి నింపడానికే తయారైన 1 పౌండు సిలిండర్. ఫ్లేమ్ కింగ్ లాంటి కంపెనీలు నింపే కిట్‌తో సహా అమ్ముతున్నాయి. గోడ మందం ఎక్కువ, పక్కన ఆవిరిని బయటికి వదిలే వెంట్ స్క్రూ ఉంటుంది, ఖాళీ బరువు లోహం మీద కొట్టి ఉంటుంది. కాలిఫోర్నియాలో 2028 జనవరి 1 నుంచి పారేసే రకం అమ్మకమే నిషిద్ధం, కాబట్టి అక్కడివాళ్లు ఎలాగూ వీటికి మారాలి.

నింపే పని ఆరుబయట, ఇంటికి దూరంగా, గ్రిల్, సిగరెట్, నడుస్తున్న కారు ఏవీ దగ్గర లేని చోట చేయండి. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆ ద్రవం చర్మం మీద పడితే కాలినట్టే బొబ్బలెక్కుతుంది. ముందు ఖాళీ చిన్న సిలిండర్‌ను తూకం వేసి, కొట్టి ఉన్న బరువుతో పోల్చండి. తేడా ఉంటే లోపల పాత గ్యాస్ మిగిలి ఉన్నట్టు. తర్వాత దాన్ని బకెట్‌లో ఐసుముక్కల మధ్య అరగంట ఉంచి, మూతి తడి లేకుండా తుడవండి. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టకండి, కారితే ఆ మూసిన పెట్టెలో గ్యాస్ నిండుతుంది.

అడాప్టర్‌ను పెద్ద ట్యాంకుకు బిగించేటప్పుడు మర చూడండి. ‘పీఓఎల్’ అనే పాత తరహా కనెక్షన్‌ది ఎడమ మర, గడియారానికి వ్యతిరేక దిశలో బిగుసుకుంటుంది. పెద్దదాన్ని కిట్‌లోని స్టాండు మీద తలకిందులు చేసి, చిన్నదాన్ని కింద నిటారుగా బిగించండి. వాల్వు మెల్లగా తెరిచి, కీళ్ల మీద సబ్బునీళ్లు రాయండి. బుడగలు రాకపోతే వెంట్ స్క్రూను పావు చుట్టు తిప్పండి. మొదట కంటికి కనపడని ఆవిరి వస్తుంది. తెల్లటి పొగలా ద్రవం చిమ్మిందంటే, సిలిండర్ లోపలి చోటులో 80 శాతం నిండినట్టు. వెంట్ కట్టేసి, పెద్ద వాల్వు కట్టేసి, ఆ తర్వాతే విప్పండి.

చివరికి మళ్లీ తూకం. ఖాళీ బరువు మీద 453 గ్రాములు మించకూడదు. తీర్పు కాటాదే, వెంట్‌ది కాదు. ఎక్కువైతే గాలిలోకి వదలకుండా అక్కడే స్టవ్‌కి తగిలించి మండించి తగ్గించండి.

ప్రశ్న: నింపదగ్గ సిలిండరే కొన్నాను. కానీ ఎప్పుడూ సగమే నిండుతోంది. ఎందుకు?

జవాబు: ఎక్కువమంది వాల్వును గబుక్కున తిప్పేస్తారు. ఒక్కసారిగా ప్రవాహం పెరిగితే పైపు ఊడిందనుకుని కనెక్షన్‌లోని రక్షణ కవాటం దాదాపు మూసుకుపోతుంది. పూర్తిగా కట్టేసి, ఒక నిమిషం ఆగి, ఈసారి నెమ్మదిగా తెరవండి. అది కాకపోతే రెండువైపులా ఒత్తిడి సమానమై ఉంటుంది. చిన్నది చల్లగా, పెద్దది మామూలు వేడిలో ఉంటేనే ద్రవం దిగుతుంది. చలికాలం పొద్దున రెండూ ఒకే చలిలో ఉంటే కదలదు. అలాగని పెద్దదాన్ని వేడినీళ్లతోనో హీటర్‌తోనో వేడిచేయొద్దు. పెద్ద ట్యాంకు తలకిందులు చేయకపోతే వచ్చేది ఆవిరే, అది ఎంతసేపు పట్టినా కొద్ది గ్రాములే.

ప్రశ్న: మా కరీంనగర్‌లో ఇంటి బండలోంచి 3 కిలోల చిన్న సిలిండర్‌లోకి కిలోల లెక్కన నింపి ఇచ్చే దుకాణాలున్నాయి. మా అబ్బాయి హాస్టల్ గదికి తీసుకోవచ్చా?

జవాబు: వద్దండి. లైసెన్సు లేకుండా ఇలా ఒక సిలిండర్‌లోంచి మరోదానిలోకి మార్చడం గ్యాస్ సిలిండర్ల నియమాలు 2016 ప్రకారం నేరం. దుకాణంలో వాడేది రబ్బరు పైపు, నింపేది ఐఎస్‌ఐ ముద్ర లేని రేకు. లీటరు ద్రవం కారితే దాదాపు 250 లీటర్ల ఆవిరవుతుంది. అది గాలికన్నా బరువు కాబట్టి నేలబారున పాకి, పక్క గదిలో స్విచ్ వేసేదాకా ఎదురుచూస్తుంది. గాలిలో 2 శాతం చేరితే చాలు, అంటుకుంటుంది.

డీలర్ల దగ్గర 5 కిలోల బండ దొరుకుతుంది. ఇండేన్‌లో దాని పేరు ఛోటు. చిరునామా రుజువు అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు. అయితే ముందు హాస్టల్ వార్డెన్‌ను అడగండి, గదిలో వంట ఒప్పుకోకపోతే అదీ వద్దు. తీసుకునేటప్పుడు కాటా మీద పెట్టించండి, మెడ దగ్గర అక్షరం, అంకె చదవండి. ‘బి-27’ అంటే 2027 జూన్‌తో పరీక్ష గడువు ముగుస్తుంది. ఏ అంటే మార్చి, సి సెప్టెంబరు, డి డిసెంబరు. వాసన వస్తే స్విచ్‌లు ముట్టకుండా కిటికీలు తెరిచి, రెగ్యులేటర్ కట్టేసి, బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయండి.

ప్రశ్న: ట్రెక్కింగ్‌కి వాడే మర మూతి ఐసోబ్యూటేన్ క్యాన్‌లో ప్రొపేన్ నింపితే చలిలో బాగా మండుతుందంటున్నారు. నిజమేనా?

జవాబు: మండే మాట నిజం, క్యాన్ తట్టుకోవడమే ప్రశ్న. 40 డిగ్రీల దగ్గర ఐసోబ్యూటేన్ ఒత్తిడి సుమారు 5 బార్లు, ప్రొపేన్‌ది 13 బార్ల పైమాట. పల్చటి ఆ డబ్బా దానికోసం చేసింది కాదు. విమానంలో నిండు క్యాన్ తీసుకెళ్లనివ్వరు. మనాలి, లేహ్‌లలో ట్రెక్కింగ్ సామాను అమ్మే దుకాణాల్లో కొత్తవి కొనుక్కోండి. చలికి మంట తగ్గితే క్యాన్‌ను రాత్రి స్లీపింగ్ బ్యాగులో కాళ్ల దగ్గర పెట్టుకుని పొద్దున వాడండి.