బిల్లుల్లేని బండి కొనొచ్చా?
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా ఊళ్లోనే 2016 మోడల్ స్విఫ్ట్ డీజిల్ ఒకటి అమ్మకానికుంది. మీటరు 92 వేలు చూపిస్తోంది. 48 వేల దాకా షోరూమ్ బిల్లులున్నాయి. ఆ తర్వాత ఒక్క కాగితం లేదు. "తెలిసిన మెకానిక్ దగ్గరే చేయించినా, బిల్లులు ఎవరు దాచిపెట్టుకుంటారు" అంటున్నాడు ఓనరు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: బిల్లులు లేనంత మాత్రాన బండి చెడ్డదని కాదు. వారంటీ అయిపోగానే షోరూమ్ మానేసి, తెలిసిన షెడ్డులో ఇచ్చేవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. కానీ కొనేవాళ్ల లెక్క మాత్రం ఒకటే ఉండాలి: కాగితం చూపించని పని జరగనట్టే. ఆ 44 వేల కిలోమీటర్లలో పది వేలకోసారి చొప్పున కనీసం నాలుగుసార్లు ఇంజన్ ఆయిల్ మారి ఉండాలి. మారిందో లేదో ఓనరు మాటల్లో కాదు, ఇంజన్‌లో చూడాలి.

అంతకుముందు ఓనర్ని వెంటబెట్టుకుని మారుతి సర్వీసు సెంటరుకు వెళ్లండి. బండి నంబరు కొడితే ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏ పని చేశారో కంప్యూటర్లో వస్తుంది. ఓనరు లేకుండా వెళితే చూపించకపోవచ్చు. ఆ 48 వేల బిల్లు తేదీని బాగా చూడండి. ఉదాహరణకు 2019 నాటికే 48 వేలు, అంటే ఏడాదికి 16 వేలు తిరిగిన బండి ఆ తర్వాత ఇన్నేళ్లలో 44 వేలే తిరిగిందంటే, కరోనా రోజులు తీసేసినా కారణం అడగాల్సిందే. మీటరు వెనక్కి తిప్పారన్న అనుమానం ఇలాంటి చోటే వస్తుంది. పెడళ్ల రబ్బరు, స్టీరింగు తోలు, డ్రైవరు సీటు అంచు ఎంత అరిగాయో చూసి పోల్చుకోండి.

ఇన్సూరెన్స్ పాలసీ కూడా అడగండి. అందులో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ తీసుకోనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) అని ఒక శాతం ఉంటుంది. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లను బట్టి 20, 25, 35, 45, 50 అలా పెరుగుతుంది. ఇన్నేళ్లుగా ఒకే ఓనరు, పాలసీ ఎప్పుడూ ఆగలేదు, అయినా బోనస్ సున్నా ఉందంటే క్రితం ఏడాది క్లెయిమ్ తీసుకున్నారని అర్థం. ఏం దెబ్బ తగిలిందో చెప్పించండి.

ఇక బండి దగ్గరికి. పొద్దున్నే వెళ్లండి. "మేమొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని ముందే చెప్పండి. బానెట్ ఎత్తి ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఆ పూటకు మానేసి ఇంకో రోజు రండి. వాల్వులు సమయానికి తెరుచుకునేలా తిప్పేందుకు ఈ ఇంజన్‌లో టైమింగ్ బెల్టు లేదు, చైన్ ఉంది. దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్ మీదే పనిచేస్తుంది. ఆయిల్ సమయానికి మార్చకపోతే అది చిక్కబడి, మడ్డి కట్టి, టెన్షనర్ పట్టు తగ్గుతుంది, చైన్ సాగుతుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే గలగలమని శబ్దం వస్తుందేమో చెవిపెట్టి వినండి. ఒక్క సెకండు వచ్చి ఆగితే పట్టించుకోనక్కర్లేదు. ఆగకుండా వస్తుంటే చైన్ సెట్టు మొత్తం మార్చాలి. అది పెద్ద ఖర్చు.

ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ మీద ఆయిల్ నల్లగా ఉందని కంగారు పడొద్దు. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కూడా కొద్దిరోజుల్లోనే నల్లబడుతుంది. చూడాల్సింది ఆయిల్ పోసే మూత లోపలి వైపు. అక్కడ తారులా అంటుకుని, గోటితో గీరితే ముద్దగా వచ్చే మడ్డి ఉంటే ఆయిల్ చాలాకాలం మారలేదు. పాలమీగడ రంగులో నురగ ఉంటే నీళ్లు కలిశాయి. ఇంజన్ నడుస్తుండగా మూత వదులు చేసి చూడండి. కొద్దిగా ఆవిరి రావడం మామూలే. పొగ గుప్పుగుప్పుమని తన్నుకొస్తుంటే పిస్టన్ రింగులు అరిగాయి.

ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ విషయం మన సీమలో ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఎండాకాలం ఏసీ వేసుకుని తిరిగేటప్పుడు కూలెంట్ తగ్గిందని దారిలో బోరు నీళ్లు ఒక బాటిల్ పోసేస్తారు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. బిందెల అడుగున కట్టే ఆ తెల్లటి పొరే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ కడుతుంది. పైగా కూలెంట్‌లో తుప్పు పట్టకుండా కాపాడే మందు పలుచబడుతుంది. ఈ ఇంజన్ బ్లాకు (కింది భాగం) పోత ఇనుము, హెడ్డు (పై భాగం) అల్యూమినియం. తుప్పు బ్లాకుకు పడుతుంది, వేడికి వంగేది హెడ్డు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే కూలెంట్ మూత తీసి చూడండి, వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. రంగు శుభ్రంగా ఉంటే సంతోషం. ఇటుక రంగు నీళ్లుంటే ఆ ఇంజన్ ఎప్పుడో ఒకసారి వేడెక్కిందనే అనుకుని మిగతావి చూడండి. పైన నూనె తెట్టు తేలుతుంటే బేరం మాట్లాడకుండా వచ్చేయండి.

తర్వాత, బండి కంప్యూటర్ని చదివే స్కానర్ ఉన్న మెకానిక్‌ను తీసుకెళ్లి 44వ నంబరు హైవే మీద అరగంట నడపండి. స్కానర్లో టెంపరేచర్ కనబడుతుంది. ఏసీ వేసి నడిపినా 90 డిగ్రీల అటూ ఇటూ నిలవాలి. 105 దాటి పెరుగుతూ పోతే వదిలేయండి. బండి కంప్యూటర్లో నమోదైన లోపాల గుర్తులు (ఎర్రర్ కోడ్లు) చెరిపి ఎన్ని కిలోమీటర్లయిందో కూడా స్కానర్ చాలా బళ్లలో చెబుతుంది. అది పదో ఇరవయ్యో అని ఉంటే, మీకు చూపించే ముందే ఎవరో తుడిచారు. నాలుగో గేర్లో 40 వేగం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజన్ మోత పెరిగి బండి కదలకపోతే క్లచ్ అయిపోయింది.

ఇవన్నీ బాగుంటే తీసుకోండి, కానీ ఆ లేని బిల్లుల ఖర్చు ధరలో తగ్గించుకోండి. సుమారు 3 లీటర్ల ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, గేర్ ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాక కొత్త కూలెంట్. వీటన్నిటికీ కాగితం మీద ఎస్టిమేట్ రాయించుకుని ఓనరు ముందు పెట్టండి. నోటిమాటతో అడిగే తగ్గింపు కన్నా కాగితం చూపించి అడిగేది సులభంగా వస్తుంది. కొన్నాక మొదటిసారి పది వేల దాకా ఆగకుండా 5 వేలకే ఆయిల్ మళ్లీ మార్చండి. కొత్త ఆయిల్ పాత మడ్డిని కరిగించి తనలో కలుపుకుంటుంది. ఇంజన్ ఫ్లష్ (లోపలి మడ్డిని కడిగే మందు) పోస్తామని ఎవరైనా అంటే మాత్రం వద్దనండి. మడ్డి పెళ్లలుగా ఊడి, కింద ఆయిల్ లాగే జల్లెడకు అడ్డం పడితే ఇంజన్ పట్టేస్తుంది.

ప్రశ్న: పాత ఇన్నోవా, 2.5 డీజిల్, 1.40 లక్షలు తిరిగింది. టైమింగ్ బెల్టు మార్చినామంటున్నారు, బిల్లు లేదు. డాష్‌బోర్డులో టీ-బెల్ట్ లైటు (బెల్టు మార్చే గడువు వచ్చిందని చెప్పేది) కూడా వెలగడం లేదు. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: లైటును నమ్మొద్దు. బెల్టు మార్చకుండానే దాన్ని ఆర్పేయవచ్చు. కొన్న వారంలోనే బెల్టు, టెన్షనర్, ఐడ్లర్ (బెల్టు సాగే చిన్న చక్రం) కలిపి మార్పించి, తేదీ, కిలోమీటర్లు రాసిన స్టిక్కరు ఇంజన్ కవరు మీద అంటించుకోండి. పాత బెల్టు పైకి బాగానే కనబడుతూ ఉండి తెగిపోతుంది. అప్పుడు వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి, ఇంజన్ పైభాగం విప్పాల్సిందే. గువ్వలచెరువు ఘాట్‌లో లోడు మీద ఎక్కేటప్పుడు తెగితే ఇంజన్‌తో పాటు పవర్ బ్రేకు, పవర్ స్టీరింగూ పోతాయి. పాత డస్టర్ డీజిల్ చూస్తున్నవాళ్లకూ ఇదే మాట. అందులో వాటర్ పంపును తిప్పేది కూడా ఆ బెల్టే కాబట్టి పంపూ కలిపి మార్చాలి.

ప్రశ్న: బెంగళూరు బండ్లు ఇక్కడికన్నా తక్కువకే వస్తున్నాయి. కర్నూలుకు తెచ్చుకుంటే లాభమేనా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ధర ఒక్కటే చూడకండి. కర్ణాటక ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), బ్యాంకు అప్పు ఉంటే అది తీరిందని చూపే ఫారం 35, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్సు. ఆ ట్యాక్సు ఎంతవుతుందో ముందే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కుని ధరకు కలుపుకోండి. అక్కడ కట్టిన ట్యాక్సులో మిగిలిన భాగం వాపసుకు దరఖాస్తు చేసుకోవచ్చు గానీ, చేతికొచ్చేదాకా దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

ఇంకొకటి, 2022 సెప్టెంబరు వానలకు బెంగళూరులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో చాలా కార్లు మునిగాయి. సర్వీసు కాగితాలు సరిగ్గా ఆ నెలల దగ్గర ఆగిపోయిన బండి కనబడితే సీటుబెల్టు చివరిదాకా లాగి చూడండి, బురద గీత ఉంటుంది. సీటు పట్టాల తుప్పు, కార్పెట్ కింద తడి వాసన, ఫ్యూజు బాక్సులో పచ్చటి చిలుము కూడా చూడండి. మునిగిన బండికి వైరింగ్ జబ్బులు ఏడాది తర్వాత కూడా ఒక్కొక్కటిగా బయటపడతాయి. ఎంత తక్కువకిచ్చినా వద్దు.

ప్రశ్న: డబ్బులిచ్చేశాను. ఓనరు పేరు బదిలీకి పెట్టే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టిచ్చి, పేరు నిదానంగా మార్చుకోమంటున్నాడు.
– ఒక పాఠకుడు, కడప

జవాబు: నిదానం పనికిరాదు. బండి ఇదే రాష్ట్రానిదైతే బదిలీ సంగతి 14 రోజుల్లో తెలియజేయాల్సిన బాధ్యత అమ్మినవారిది, కొన్నవారికి 30 రోజులు. ఆర్సీలో ఎవరి పేరుంటే ప్రమాదం జరిగినప్పుడు నష్టపరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మాట ఆ ఓనరుకు చెప్పండి, ఆయనే మీతో ఆర్టీఓ ఆఫీసుకు వస్తారు. ఇన్సూరెన్సుకు కూడా 14 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. థర్డ్ పార్టీ (ఎదుటివారికి జరిగే నష్టానికి) కవరు దానంతటదే మీకు వస్తుంది. సొంత బండికి జరిగే నష్టం మాత్రం పాలసీ మీ పేరు మీదికి మారితేనే దక్కుతుంది. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, ఆ తేడా కట్టించుకుంటారు.