అయస్కాంతం పెట్టినా డాట్ల రంగు కదలదేం?

ప్రశ్న: మా ల్యాబ్‌లో కాడ్మియం సెలెనైడ్ క్వాంటమ్ డాట్ల (కొద్ది నానోమీటర్ల సైజు అర్ధవాహక స్ఫటికాల) ద్రావణం ఉంది. యూవీ టార్చి వేస్తే 620 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతుంది. సీసాకి నియోడిమియం అయస్కాంతం ఆనించి స్పెక్ట్రోమీటర్‌లో చూశాం. శిఖరం రెండుగా చీలలేదు సరికదా, కాస్తయినా జరగలేదు. పొరపాటెక్కడ?
– డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: పొరపాటేం లేదు, లెక్క వేసి చూడండి. అయస్కాంత క్షేత్రంలో డాట్ శక్తి స్థాయి రెండుగా చీలుతుంది. ఆ చీలిక అంటే జి గుణకం (డాట్ క్షేత్రానికి ఎంతగా స్పందిస్తుందో చెప్పే సంఖ్య), బోర్ మాగ్నెటాన్ (ఎలక్ట్రాన్ అయస్కాంతత్వాన్ని కొలిచే ప్రమాణం), క్షేత్రం – ఈ మూడింటి లబ్ధం. బోర్ మాగ్నెటాన్ టెస్లాకి 0.058 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. మీ అయస్కాంతం 0.4 టెస్లా, జి 1.5 అనుకుంటే వచ్చేది 0.035 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు. తరంగదైర్ఘ్యంలో అది 0.01 నానోమీటర్. మీ శిఖరం వెడల్పేమో పాతిక ముప్పై నానోమీటర్లు! వరద గోదారిలో చెంబుడు నీళ్లు పోసి ధవళేశ్వరంలో మట్టం చూసినట్టే.

అంత వెడల్పుకి కారణం, సీసాలోని కోట్ల డాట్లు ఒకే సైజులో లేకపోవడం. దానికితోడు గది వేడికి ఒక్కో డాట్ గీత కూడా అలుక్కుపోతుంది. అంచేత పెద్ద అయస్కాంతం ఒక్కటే తెచ్చినా లాభం లేదు. చలీ కావాలి, డాట్ కూడా ఒంటరిగా దొరకాలి.

పరిశోధకులు సాధారణంగా గాలియం ఆర్సెనైడ్‌లో పెంచిన ఇండియం ఆర్సెనైడ్ డాట్లు తీసుకుని, పైన లోహపు పొరలో మైక్రాన్ సైజు కన్నం చేసి, ద్రవ హీలియంతో 4 కెల్విన్లకు చల్లారుస్తారు. అప్పుడు గీత వెడల్పు 0.1 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు లోపే. సూపర్‌కండక్టింగ్ తీగచుట్టతో 10 టెస్లా ఇస్తే, జి 2 అయిన డాట్‌లో చీలిక 1.16 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. 950 నానోమీటర్ల దగ్గర అది 0.84 నానోమీటర్, స్పష్టంగా కనిపిస్తుంది. జంట గీతల సగటు కూడా క్షేత్రం వర్గంతో పాటు నీలం వైపు జరుగుతుంది. ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) తిరిగే చోటు ఎంత విశాలమో ఆ జరుగుడే చెబుతుంది. నాకైతే చీలిక కన్నా ఇదే విలువైన సమాచారం.

తప్పులు జరిగేది ఇక్కడే. శాంపిల్ పట్టే సరంజామాలో ఒక్క ఇనుప మర ఉన్నా క్షేత్రం పెంచగానే డాట్ ఫోకస్ తప్పిపోతుంది. టైటానియం, ఇత్తడి వాడాలి. లేజర్ ఎక్కువైతే బైఎక్సైటాన్ (ఒకే డాట్‌లో రెండు ఎలక్ట్రాన్-హోల్ జతలు) గీత పక్కన లేచి చీలికలా మోసం చేస్తుంది. అది సున్నా క్షేత్రంలోనూ ఉంటుంది కాబట్టి ముందే చూసుకోండి. క్షేత్రం కాంతి దారి వెంబడే ఉంటే అసలు జంట ఎదురెదురు వృత్తాకార ధ్రువణాలతో వస్తుంది. క్వార్టర్ వేవ్ ప్లేటు (వృత్తాకార ధ్రువణాన్ని సరళ ధ్రువణంగా మార్చే పలక), పోలరైజర్ పెట్టి ప్లేటుని 90 డిగ్రీలు తిప్పితే ఒకటి ఆరి రెండోది వెలగాలి.

అన్నట్టు, పాతబడిన ద్రావణాన్ని సింకులోనో కాలవలోనో పారబోయకండి. అందులో ఉన్నది కాడ్మియం.

ప్రశ్న: క్యూఎల్ఈడీ టీవీ పక్కన పెద్ద స్పీకర్ పెడితే రంగులు చెడతాయా?
– భీమవరం పాఠకుడు

జవాబు: చెడవు. క్యూఎల్ఈడీ తెరలో రంగులకు వాడేదీ క్వాంటమ్ డాట్లే. పాత పిక్చర్ ట్యూబు టీవీల్లో ఎలక్ట్రాన్ల ధార అయస్కాంతానికి వంగేది, అందుకే మరకలు పడేవి. ఇందులో వంగడానికి ధారే లేదు.