సాంబారులో బెల్లాన్ని తర్వాత తిట్టుకుందాం, ముందు కాఫీ సంగతి చూడండి

బెంగళూరుకు కొత్తగా వచ్చిన మనవాళ్ళు నన్ను మొట్టమొదట అడిగేది ఒకటే: "ఇక్కడ సాంబారు తియ్యగా ఉంటుందేంటక్కా?" బెల్లం వేస్తారు మరి. కొన్ని హోటళ్ళలో చెయ్యి కాస్త ధారాళం కూడా. కాకినాడ వైపు నుంచి సాయంత్రం శేషాద్రి రైలు ఎక్కితే మర్నాడు దిగిపోయే ఊరే అయినా, మన నాలిక మట్టుకు దీన్ని పరాయి దేశం కిందే జమకడుతుంది. పద్దెనిమిదేళ్ళ కిందట నేనూ గొణిగినదాన్నే. గొణుగుతూనే ఇడ్లీ తినేసి, రెండు స్పూన్ల చక్కెర పడిన కాఫీ తాగి ఆఫీసుకి పోయేదాన్ని.

మొన్న బీటీఎం లేఔట్‌లో పీజీ హాస్టల్లో ఉండే ఒక తమ్ముడు వేరే సందేహం పట్టుకొచ్చాడు. హెల్త్ చెకప్‌లో షుగర్ బార్డర్‌లో ఉందన్నారట. "ఇరవై ఏడేళ్ళు అక్కా నాకు. స్వీట్లు మానేసి నెలయింది. ఇంకేం మానాలి?" నువ్వొక్కడివే కాదులే అన్నాను. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి డయాబెటిస్ ఉంటే, బార్డర్‌లో ఉన్నవాళ్ళు 13.6 కోట్లు.

ఆ 13.6 కోట్లలో నేనూ ఒకదాన్ని. నలభై దాటిన ఏడాది హెచ్‌బీఏ1సీ, అదే మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా బార్డర్, 6.5 నుంచి డయాబెటిస్. రిపోర్టు ఇచ్చిన అమ్మాయి "స్వీట్స్ తగ్గించండి మేడమ్" అంది. ఆ నెల నేను స్వీటన్నదే ముట్టలేదు! ఉక్రోషం కొద్దీ వారం రోజులు కాఫీలు లెక్కపెట్టాను. రోజుకి ఐదు. ఒక్కోదానిలో రెండు స్పూన్లు, స్పూనుకి నాలుగు గ్రాములు. అంటే 40 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన లెక్కలో, రోజుకి 2,000 కేలరీలు తినే మనిషికి పైనుంచి కలిపే చక్కెర, తేనె, పళ్ళరసాల్లోని తీపి అన్నీ కలిపి 50 గ్రాములు దాటకూడదు. 25 లోపుంటే ఇంకా మంచిది. నా వాటా కాఫీలోనే కరిగిపోతోందన్నమాట.

ఇక్కడి దర్శినిలో, అంటే నిలబడి తినే చిన్న హోటల్లో, కాఫీ ఎలా కలుపుతారో ఒకసారి నిలబడి చూడండి. మా వీధి చివర హోటల్లో గ్లాసులు వరసగా పేర్చి, ముందు అన్నిట్లో చక్కెర వేసుకుంటూ పోతాడు. తర్వాత డికాక్షన్, ఆ పైన పొంగే పాలు. మనం గ్లాసు అందుకున్నాక "చక్కెర తక్కువ" అంటే నవ్వుతాడు, అంతే. టోకెన్ ఇచ్చేటప్పుడే చెప్పాలి: "సక్కరె బేడ, డికాక్షన్ జాస్తి." చక్కెర వద్దు, డికాక్షన్ ఎక్కువ అని. నేను ఈ ఊళ్ళో నేర్చుకున్న మొదటి పూర్తి కన్నడ వాక్యం ఇదేనేమో. డికాక్షన్ ఎక్కువైతే చేదు తెలుస్తుంది కదా అంటారు. తెలుస్తుంది, కానీ కాఫీ వాసన కూడా అప్పుడే తెలుస్తుంది. అంత ధైర్యం లేకపోతే పక్కవాడితో కలిసి బై టూ చెప్పండి. ఒక కాఫీ రెండు గ్లాసుల్లో పోస్తాడు, చక్కెర సగమవుతుంది.

ఒక్కసారిగా మాత్రం మానకండి. నేను మానాను. మూడు రోజులు మహా గొప్పగా గడిచింది. నాలుగో రోజు సాయంత్రం నాలుగున్నరకి అయ్యంగార్ బేకరీ ముందు తేలాను. హనీ కేక్ తెలుసుగా? తేనెపాకంలో నానిన స్పాంజి, పైన ఎర్రటి జామ్, దానిమీద కొబ్బరికోరు. ఒకటి తిన్నాను, ఇంకోటి పొట్లం కట్టించుకున్నాను. ఆ తర్వాత పది రోజులకో పావు స్పూను చొప్పున తగ్గించుకుంటూ వచ్చాను. రెండు నెలలయ్యేసరికి పాత కాఫీ ఇస్తే పాయసంలా అనిపించింది. ఇంకో సంగతి, నాలుగున్నరకి నన్ను బేకరీకి నడిపించింది తీపి మీద మోజు కాదు, ఆకలి. పీజీ మధ్యాహ్న భోజనం అంటే ఇంత అన్నం, పలచటి పప్పు. బ్యాగులో వేయించిన వేరుశనగలో, ఉడికించిన గుడ్డో పెట్టుకోండి. కార్తీకంలో బసవనగుడి కడలెకాయ పరిషెకి, అదే వేరుశనగల జాతరకి, వెళ్ళి వేరుశనగలు సంచి నిండా తెచ్చుకుంటే ఇంకా మంచిది.

బెల్లం కాఫీ తాగితే ఏమీ కాదనే భ్రమ కూడా ఉంది. బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే. రంగు, రుచి వేరు, రక్తంలోకి వెళ్ళాక పెద్ద తేడా లేదు. ప్యాకెట్ల మీద "యాడెడ్ షుగర్స్" అనే లైను చూసి కొనండి. లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్ అని రాసినా అదీ చక్కెర చుట్టమే. అసలే షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడుతుంటే డాక్టర్ని అడక్కుండా తిండి తగ్గించకండి. షుగర్ పడిపోతే కళ్ళు తిరుగుతాయి.

కన్నడ స్నేహితుల ఇంటికి వరమహాలక్ష్మి పూజకు పిలిస్తే వెళ్ళండి. ఒబ్బట్టు మీద నెయ్యి పోస్తారు, మన బొబ్బట్టుకి తోబుట్టువే, కాదనకండి. ఒకటి తిని, రెండోది వడ్డించబోతుంటే విస్తరి మీద చెయ్యి అడ్డంపెట్టి "సాకు" అనండి. కన్నడంలో సాకు అంటే చాలు. మనకేమో సాకంటే వంక! మొదట్లో నేను సిగ్గుపడేదాన్ని, వంక చెప్తున్నానని వాళ్ళు అనుకుంటారేమోనని.

ఇంటి నుంచి వచ్చే పెట్టె గురించి అడుగుతారని తెలుసు. మాది ఆత్రేయపురం పక్కనే, కాబట్టి పూతరేకులు వద్దని అమ్మకి చెప్పమని నేను ఎవరికీ సలహా ఇవ్వను. పెట్టె మంచం పక్కన మాత్రం పెట్టుకోకండి. వచ్చిన రోజే గదుల్లోవాళ్ళకి పంచెయ్యండి. భోజనం అయ్యాక మీ వాటాగా ఒకటి తినండి, ఫోను పక్కన పెట్టి. ఆ రేకు నాలిక మీద కరిగే నాలుగు క్షణాలు ఫోను చూస్తూ పోగొట్టుకుంటే, ఇంకోటి తీసుకోబుద్ధవుతుంది.

ఈ ఆదివారం శేషాద్రిలో మా పిన్ని వస్తోంది, పెట్టెతోనే. బీటీఎం తమ్ముడికి రెండు తీసి ఉంచుతాను. కాఫీతో కలిపి తినొద్దని చెప్పి మరీ ఇవ్వాలి.