సమాధానం: సాంగ్‌గామ్ గీతల్లో తెల్లమట్టి ఎందుకు ఊడుతోందంటే

సాంగ్‌గామ్ పద్ధతిలో, అంటే చెక్కిన గీతల్లో వేరే రంగు మట్టి నింపే కొరియా పనితనంలో, గిన్నె మీద కొంగ బొమ్మ చెక్కి తెల్లమట్టి నింపితే, ఆరాక అది పగిలి రాలిపోతోందనీ, మిగిలింది గీకితే గిన్నెంతా పులుముకుంటోందనీ రాశారు. ఫోటో చూశాను. గీత అంచులు పెళుసుగా లేచాయి, అంటే గిన్నె బాగా ఆరిపోయాక చెక్కారు. ఆరిన గిన్నె ఇక పెద్దగా కుంచించుకోదు. తడిగా పోసిన మట్టి కుంచించుకుంటుంది. ఊడక ఏం చేస్తుంది?

గోరుతో నొక్కితే గుర్తు పడాలి, వేలికి మట్టి అంటకూడదు. ఆ పదునులోనే చెక్కండి. తెల్లమట్టిని మీగడలా కలిపి, మూడు నాలుగు పూతలుగా, గీత కంటే కాస్త ఉబ్బుగా నింపండి. తడిగా ఉండగా మాత్రం తుడవొద్దు (టెన్షన్‌లో నేనూ మొదట్లో అదే చేశాను). పూత కూడా గిన్నెంత గట్టిపడ్డాక పల్చటి రేకుతో గీకితే గీత శుభ్రంగా బయటపడుతుంది.

నల్ల గీతలకు రంగు కొనక్కర్లేదు. 12వ శతాబ్దంలో కొరియాలోని గొర్యో రాజ్యపు కుమ్మరులు గాంగ్‌జిన్, బువాన్ ప్రాంతాల బట్టీల్లో ఇనుము ఎక్కువున్న ఎర్రమట్టి నింపేవారు. కాల్చాక అదే నల్లబడేది. సియోల్ గాన్‌సాంగ్ మ్యూజియంలోని కొంగలూ మేఘాల జాడీ ఫోటో పెద్దది చేసి చూడండి: కొంగల ఒళ్లు తెలుపు, ముక్కూ కాళ్లూ నలుపు.

గ్లేజు (కాల్చితే గాజులా మారే పైపూత) మందంగా పోయకండి, బొమ్మ మసకబారుతుంది. ఇనుము కొద్దిగా ఉన్న గ్లేజుకు గొర్యో పాత్రల్లోని ఆ లేత ఆకుపచ్చ రావాలంటే బట్టీలో గాలి తగ్గించి కాల్చాలి. మామూలుగా వాడే కరెంటు బట్టీలో అది కష్టం.