మారథాన్‌కు 5 వారాల ముందు హాఫ్ మారథాన్‌లో పూర్తి వేగంతో పరుగెత్తవచ్చా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. బరువు 60 కిలోలు. మూడేళ్లుగా పరుగు సాధన చేస్తున్నాను, వారానికి 45 కిలోమీటర్ల దాకా. శరత్కాలంలో జరిగే మారథాన్‌కు పేరిచ్చాను. అదే నా మొదటిది. 4 గంటల్లో ముగించాలని ఆశ. దానికి సరిగ్గా 5 వారాల ముందు ఒక హాఫ్ మారథాన్ ఉంది. దాన్ని గంటా 55 నిమిషాల్లో పూర్తి చేయాలనుకుంటున్నాను. కోచ్ మాత్రం మామూలు సాధనలా నెమ్మదిగా పరుగెత్తమంటున్నారు. నిరుడు హాఫ్ మారథాన్ అయిన మరుసటి ఆదివారమే 24 కిలోమీటర్లు పరుగెత్తాను. అప్పటి నుంచి ఎడమ మోకాలి కింద, ఎముక లోపలి అంచున అప్పుడప్పుడు నొప్పి వస్తోంది. ఏం చేయమంటారు? ఇంకో సంగతి. ఈ హాఫ్ మారథాన్ అయిన రెండో రోజునే ఆఫీసులో ఏటా చేసే రక్తపరీక్షలున్నాయి. చేయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: వేగం సంగతి తర్వాత. ముందు ఆ కాలిని చూద్దాం.

కుర్చీలో కూర్చుని ఎడమ చీలమండను కుడి మోకాలిపై ఆనించండి. చీలమండ దగ్గర మొదలుపెట్టి, ఎముక లోపలి అంచు వెంబడే చేతి బొటనవేలితో కొద్దికొద్దిగా నొక్కుతూ మోకాలి వైపు రండి. బెత్తెడు పొడవునా సలుపుగా ఉండి, పరుగు మొదలైన కాసేపటికి తగ్గిపోతుంటే అది చాలావరకు ఎముకను అంటిపెట్టుకున్న కండరాలు, పొరల మీద పడిన ఒత్తిడి. సాధన తగ్గిస్తే, పిక్కల కండరాలకు బలం చేకూర్చే వ్యాయామాలు చేస్తే సర్దుకుంటుంది. అలా కాకుండా ఒక్కచోట, వేలికొన పట్టేంత మేర, నొక్కగానే ఉలిక్కిపడేలా నొప్పి ఉంటే తేలిగ్గా తీసుకోకండి. నడుస్తున్నప్పుడో, రాత్రి పడుకున్నప్పుడో బాధపెట్టే నొప్పీ అలాంటిదే. ఎముకలో సన్నని పగులు, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ ఉందేమో చూడాలి. మొదటి రెండు మూడు వారాల్లో ఇది ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ‘ఎక్స్‌రే బాగానే ఉంది కదా’ అని పరుగెత్తి, పగులును పెద్దది చేసుకుని వచ్చేవాళ్లు ఉంటారు. అనుమానం ఉంటే ఎముకల వైద్యుడు ఎంఆర్ఐ రాస్తారు. అది తేలేదాకా మీకు హాఫ్ లేదు, ఫుల్ లేదు.

మీరు రాయని విషయం ఒకటి అడగాలి. నెలసరి సక్రమంగా వస్తోందా? పరుగు పెంచి, తిండి పెంచకపోతే శరీరం పొదుపు మొదలుపెడుతుంది. నెలసరి తప్పడం ఆ పొదుపుకు గుర్తు. అదే సమయంలో ఎముకలూ బలం కోల్పోతాయి. నెలసరి వరుసగా తప్పుతున్నా, రక్తస్రావం మరీ ఎక్కువగా ఉన్నా, ఊరికే ఆయాసం వస్తున్నా ఈ పోటీలకన్నా ముందే వైద్యుల్ని కలవండి. హిమోగ్లోబిన్‌తో పాటు, ఒంట్లో ఇనుము నిల్వలను తెలిపే ఫెరిటిన్ కూడా చూపించుకోండి. హిమోగ్లోబిన్ మామూలుగానే ఉండి, ఇనుము నిల్వలు అడుగంటిన పరుగు మహిళలు అరుదేమీ కాదు.

కాలు, ఒళ్లు బాగున్నాయని తేలితే, ఆ హాఫ్ మారథాన్‌ను పూర్తి వేగంతోనే పరుగెత్తండి. ఈ ఒక్క విషయంలో మీ కోచ్‌తో నాకు పేచీ. 5 వారాల గడువు మంచి గడువు. అదే 2 వారాల ముందయితే నేనూ ఆయన పక్షమే. అయితే ఒక షరతు. అది ఆ వారపు సాధనకు అదనం కాదు, ఆ వారపు గట్టి సాధన అదే. నిరుడు మిమ్మల్ని దెబ్బతీసింది పోటీ కాదు, మరుసటి ఆదివారం పరుగెత్తిన ఆ 24 కిలోమీటర్లు.

గట్టిగా పరుగెత్తినప్పుడు, ముఖ్యంగా దిగుడు దారిలో, తొడ కండరాలు సాగుతూనే బరువు మోస్తాయి. వాటి పోగులు అక్కడక్కడా సూక్ష్మంగా చిట్లుతాయి. ఒళ్లునొప్పులు ఒకటి రెండు రోజుల తర్వాత పతాక స్థాయికి చేరి, నాలుగైదు రోజుల్లో పోతాయి. మరమ్మతు మాత్రం ఆ తర్వాతా సాగుతూనే ఉంటుంది. నొప్పి పోగానే కోలుకున్నామనుకుంటాం. చిక్కంతా అక్కడే.

కాబట్టి మొదటి మూడు రోజులు నడక చాలు. ఆ వారమంతా, మాట్లాడుతూ పరుగెత్తగలిగే వేగం దాటవద్దు. ఆ ఆదివారం గంటా, గంటంపావుతో సరిపెట్టండి. పది రోజుల దాకా వేగపు సాధన ఊసే వద్దు. పొద్దున లేవగానే నాడి లెక్కపెట్టుకునే అలవాటుంటే, అది మీ మామూలు సంఖ్యకన్నా ఏడెనిమిది ఎక్కువగా ఉన్న రోజు విశ్రాంతి తీసుకోండి. మారథాన్‌కు 3 వారాల ముందు మీ చివరి పెద్ద పరుగు పెట్టుకోండి. అక్కడి నుంచి దూరం తగ్గించుకుంటూ రావడమే.

పూర్తి వేగంతో పరుగెత్తితే లాభం ఏమిటంటారా? మీ 4 గంటల ఆశ ఎంత నిజమో తెలుస్తుంది. హాఫ్ మారథాన్ సమయాన్ని సుమారు 2.085తో గుణించే లెక్క ఒకటి పరుగువాళ్లలో బాగా వాడుకలో ఉంది. దాని ప్రకారం గంటా 55 నిమిషాలకు 4 గంటలు సరిగ్గా వస్తాయి. కానీ వారానికి 45 కిలోమీటర్ల సాధనతో మొదటి మారథాన్‌కు దిగేవారికి ఆ లెక్క కాస్త తీపి మాట. నేనయితే మరో 10, 15 నిమిషాలు కలుపుకోమంటాను. కారణం ఇంధనం. కిలోమీటరుకు, కిలో బరువుకు దాదాపు ఒక కేలరీ ఖర్చు. మీ 60 కిలోలకు హాఫ్ (21.1 కిలోమీటర్లు) అంటే 1,250 కేలరీల పైమాట, ఫుల్ (42.2 కిలోమీటర్లు) అంటే 2,500. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా దాగే పిండిపదార్థం స్థూలంగా 1,500 నుంచి 2,000 కేలరీలు. శరీరం కొవ్వునూ కరిగిస్తుంది కానీ, వేగం పెరిగేకొద్దీ గ్లైకోజెన్ మీదే ఎక్కువ ఆధారపడుతుంది. హాఫ్‌లో సరిపోయిన నిల్వ ఫుల్‌లో 30 కిలోమీటర్లు దాటాక చేతులెత్తేయడం అందుకే.

అందుకని ఆ రోజును తిండికి కూడా రిహార్సల్‌గా వాడుకోండి. మారథాన్ పొద్దున ఏం తినబోతున్నారో అదే తినండి. అవే బూట్లు, అవే మేజోళ్లు. దారిలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కడుపు తట్టుకుంటుందో లేదో తెలుస్తుంది. నీళ్లు దాహం వేసినప్పుడు తాగండి, కనిపించిన ప్రతి బల్ల దగ్గరా కాదు. పరుగు ముగిశాక బరువు పెరిగిందంటే నీళ్లు ఎక్కువయ్యాయన్నమాట. అలా నీళ్లు ఎక్కువై రక్తంలో సోడియం పడిపోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

కాలు నొప్పికి ముందు జాగ్రత్తగా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు వేసుకుని పోటీకి దిగవద్దు. చెమటతో నీరు కోల్పోయిన వేళ అవి మూత్రపిండాలకు రక్తప్రసారం తగ్గిస్తాయి. మాత్ర మింగితే తప్ప పరుగెత్తలేని కాలు ఆ రోజు పరుగెత్తకూడని కాలు. జ్వరం ఉన్నా పోటీ మానుకోండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, పరుగు మధ్యలో స్పృహ తప్పడం ఎప్పుడైనా జరిగి ఉంటే, లేదా కుటుంబంలో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా చనిపోయి ఉంటే, గుండె వైద్యుల్ని చూడకుండా ఇవేవీ వద్దు.

ఇక ఆఫీసు రక్తపరీక్షలు. వాయిదా వేయించుకోండి. హాఫ్ మారథాన్ అయిన రెండో రోజు రక్తంలో సీపీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలోకి చేరే ఎంజైమ్) బాగా పెరిగి ఉంటుంది, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కూడా పెరగవచ్చు. ఈ రెండింటినీ కాలేయ పరీక్షల కింద రాస్తారు కానీ, ఎస్‌జీఓటీ కండరాల్లోనూ బాగా ఉంటుంది. మీరు పరుగెత్తిన సంగతి తెలియని వైద్యుడు కాలేయం చెడిందనుకుని స్కానింగ్ రాసినా తప్పుపట్టలేం. మూత్రంలో కాస్త రక్తం, ప్రొటీన్ కనిపించడమూ ఒకటి రెండు రోజులు ఉండొచ్చు. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే మాత్రం వాయిదా మాట మరచి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. లేదంటే పోటీకి ముందు వారంలోనో, పోటీ అయిన రెండు వారాలకో చేయించుకోండి. పరీక్షకు ముందు రెండు మూడు రోజులు గట్టి సాధన లేకుండా చూసుకోండి.