కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ కావాలంటే స్టార్ ప్లేయర్ అయి ఉండాలా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి పదకొండో గ్రేడ్, స్కూల్ టీమ్‌లో పాయింట్ గార్డ్. పెద్ద యూనివర్సిటీల నుంచి ఆఫర్లేమీ రాలేదు. అయినా కాలేజీ మహిళల జట్టుకు కోచ్ అవుతానంటోంది. ఇందులో నిలకడ ఉంటుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఆఫర్లు రాకపోయినా కోచింగ్ దారి మూసుకుపోదు. కాలేజీలో చేరిన మొదటి సంవత్సరం నుంచే ఏదో ఒక జట్టు లోపల పనిచేస్తూ ఉండటం ముఖ్యం. పాట్ సమిట్ 1974లో 22 ఏళ్లకే టెన్నెసీ యూనివర్సిటీ మహిళల జట్టుకు హెడ్ కోచ్ అయ్యారు. జట్టు వ్యాన్ నడిపారు, యూనిఫాంలు ఉతికారు, తర్వాత 8 జాతీయ టైటిళ్లు గెలిచారు. ఇప్పుడు అంత త్వరగా ఎవరికీ ఆ కుర్చీ దొరకదు. స్టూడెంట్ మేనేజర్ లేదా ప్లేయర్, గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ (మాస్టర్స్ చదువుతూ జట్టులో పనిచేసేవారు), వీడియో కోఆర్డినేటర్, అసిస్టెంట్ కోచ్, ఆ తర్వాతే హెడ్ కోచ్. పదేళ్లు దాటడం మామూలే.

మీ అమ్మాయి ముందు రెండు దారులున్నాయి. కాలేజీ క్రీడల్లో డివిజన్ 1 పై స్థాయి, డివిజన్ 3 కింది స్థాయి. డివిజన్ 3 కాలేజీలో ఆడొచ్చు. అక్కడ ఆట స్కాలర్‌షిప్‌లు ఉండవు, చదువును బట్టి ఇచ్చే సాయం ఉంటుంది. లేదా డివిజన్ 1 జట్టులో మేనేజర్‌గా చేరొచ్చు: రీబౌండ్లు అందించడం, క్లాక్ చూడటం, ప్రాక్టీస్ వీడియో తీయడం, బట్టలు ఉతకడం. చాలాచోట్ల జీతం ఉండదు. నిజంగా ఆడే అవకాశం ఉంటే డివిజన్ 3 మేలని నా అభిప్రాయం. అక్కడ స్టాఫ్ తక్కువ, అడిగితే స్కౌటింగ్ (ఎదుటి జట్ల ఆటను గమనించి నోట్స్ రాయడం) పని చేతికిస్తారు. బెంచ్ మీదే కూర్చోవాల్సి వస్తే మాత్రం మేనేజర్ పనే నయం.

మేనేజర్ కావాలంటే అడ్మిషన్ రాగానే, వసంతంలోనే ఆ జట్టు ఆపరేషన్స్ డైరెక్టర్‌కు మెయిల్ పెట్టాలి. ఆగస్టు దాకా ఆగితే ఖాళీలు ఉండకపోవచ్చు. "నాకు బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం" అని రాసే మెయిళ్లు వాళ్లకు కొల్లలుగా వస్తాయి. చేసిన పని ఒకటి జతచేయాలి. ఒక జట్టు ఆడిన మూడు మ్యాచ్‌లు తీసుకుని, బేస్‌లైన్ ఇన్‌బౌండ్ ప్లేలు (బాస్కెట్ వెనక గీత అవతలి నుంచి బంతిని లోపలికి వేసి ఆడే ఎత్తులు) మాత్రమే చూడమనండి. ప్రతిదానికీ స్కోరు, క్లాక్, మొదట నిలబడిన తీరు, షాట్ ఎవరికి వచ్చింది, ఫలితం రాసుకోవాలి. పదీ పన్నెండు క్లిప్పులు, ఒక్క పేజీ నోట్స్ చాలు. మొదట్లో చాలామంది మ్యాచ్ మొత్తాన్నీ విశ్లేషించబోయి బంతి వెంటే చూస్తారు. స్క్రీన్ వేసిన (ఎదుటి డిఫెండర్‌కు అడ్డంగా నిలబడిన) అమ్మాయి తర్వాత ఎటు వెళ్లిందో వదిలేస్తారు. ప్లే గుట్టు తరచూ అక్కడే ఉంటుంది. హడల్, సినర్జీ లాంటి మ్యాచ్ వీడియో సాఫ్ట్‌వేర్ చేతికి అలవాటైతే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ ఇంటర్వ్యూలో అదే పెద్ద బలం. ఆ పోస్టులో సాధారణంగా మాస్టర్స్ ఫీజు మాఫీ, కొద్దిపాటి స్టైపెండ్ వస్తాయి.

ఇక నిలకడ. సౌత్ కరోలినా యూనివర్సిటీ మహిళల జట్టు కోచ్ డాన్ స్టేలీ 2025 ఒప్పందం ఏడాదికి సుమారు 40 లక్షల డాలర్లు. దాన్ని చూసి లెక్కలు వేసుకోకండి. కింది మెట్లలో జీతాలు తక్కువ. హెడ్ కోచ్‌ను తీసేస్తే స్టాఫ్ అంతా బయటికి రావడమే ఎక్కువగా జరుగుతుంది. పైగా ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (ప్లేయర్లు వేరే కాలేజీకి మారడానికి పేరు నమోదు చేసుకునే వ్యవస్థ) వచ్చాక సీజన్ ముగియగానే సొంత ప్లేయర్లనే మళ్లీ ఒప్పించి నిలబెట్టుకోవాలి. రిక్రూటింగ్, అంటే కొత్త ప్లేయర్లను జట్టులోకి తెచ్చుకోవడం, ఏడాది పొడవునా ఫోన్లు, ప్రయాణాలు, వేసవిలో టోర్నమెంట్లు. ఆటంటే ఇష్టం ఉండి కూడా ఈ పని నచ్చక చాలామంది తప్పుకుంటారు. అందుకే వచ్చే వేసవిలో ఏదైనా క్లబ్ జట్టుకు సహాయకురాలిగా పంపి, ప్లేయర్ల అమ్మానాన్నలతో మాట్లాడే బాధ్యత తనకే ఇప్పించండి.

డిగ్రీ విషయంలో మాత్రం పట్టుబట్టండి. మ్యాథ్స్ గానీ కినీసియాలజీ (శరీర కదలికల శాస్త్రం) గానీ చదివి, టీచర్ సర్టిఫికేషన్ కూడా తీసుకోమనండి. టెక్సస్ పబ్లిక్ స్కూళ్లలో కోచ్‌లు ఎక్కువగా టీచర్లే. కాలేజీ ఉద్యోగం పోయిన ఏడాది హైస్కూల్లో జట్టును నడుపుతూ జీతం తెచ్చుకోవచ్చు, అక్కడి నుంచి మళ్లీ కాలేజీకి ప్రయత్నించవచ్చు.