‘కల్లా’ అంటే బై, ‘దాకా’ అంటే అంటిల్

కాలాన్ని చెప్పేటప్పుడు బై, అంటిల్, సిన్స్, ఫర్ అనే ఇంగ్లీషు మాటలు ఎప్పుడూ తారుమారు అవుతున్నాయని, వాటిని గుర్తుంచుకొనే మార్గం చెప్పమని కొందరు అడిగారు. వీటిని తెలుగులోంచే నేర్చుకోవాలన్నది నా గట్టి నమ్మకం.

కొన్నేళ్ల క్రితం శ్రీకాకుళం జిల్లా పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు, మెయిళ్లు చూసేవాడిని. సరుకు ఎప్పటికి సిద్ధమవుతుందని ముంబయి వ్యాపారి ఒకాయన అడిగారు. శుక్రవారం కల్లా డబ్బాలకు సీలు వేసి ఉంచుతామని చెప్పడం నా ఉద్దేశం కాగా, నేను రాసింది మాత్రం ‘ద లోడ్ విల్ బి రెడీ అంటిల్ ఫ్రైడే’ అని. శుక్రవారం దాటితే సరుకు దొరకదని ఆయన అర్థం చేసుకొని, బుధవారం తెల్లవారేసరికి లారీని మా గేటు ముందుకు పంపించారు. అప్పటికి పప్పులో సగం ఇంకా పొట్టు వలిచే ఆడవాళ్ల ముందు కుప్పగానే ఉంది. లారీ రెండు రోజులు ఆగినందుకు కిరాయి మా యజమానే కట్టారు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అది నాకు మరింత బాధ కలిగించింది.

బడిలో మాకు ‘బై’ అంటే ‘చేత’ అనే అర్థం ఒక్కటే వల్లె వేయించారు. కర్మణి వాక్యాలకు అది సరిపోయింది గాని, గడువు చెప్పవలసి వచ్చినప్పుడు ఆ మాట నాకు తట్టనే లేదు. ‘కల్లా’ అన్న అర్థం కూడా ఆనాడే చెప్పి ఉంటే ఎంత బాగుండేది! పని ఒక గడువులోగా పూర్తయ్యేదైతే బై, ఆ గడువు దాకా సాగుతూనే ఉండేదైతే అంటిల్.

సిన్స్, ఫర్ దగ్గర మాత్రం తెలుగు మనల్ని ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే రెండింటికీ మనం ‘నుంచి’ అనే అంటాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా తీరాన్ని దాటిన తరువాత ‘గురువారం నుంచి కరెంటు లేదు’ అన్నాం, ‘నాలుగు రోజుల నుంచి కరెంటు లేదు’ అని కూడా అన్నాం. క్యాలెండరు మీద వేలు పెట్టి చూపగలిగిన గురువారానికి సిన్స్ రావాలి. వేళ్లు మడిచి లెక్కపెట్టే నాలుగు రోజులకు ఫర్ రావాలి.

‘ఆఫ్టర్ హి విల్ కమ్’ అని రాయడం ఇంకొక పొరపాటు. ‘రేపు నాన్న వచ్చాక చెబుతాను’ అనేటప్పుడు మనం ‘వస్తాడు’ అనే రూపాన్ని అక్కడ వాడం. ఇంగ్లీషు కూడా అక్కడ ‘విల్’ను వాడదు, ‘ఆఫ్టర్ హి కమ్స్’ అంటుంది. వేలకు వేలు ఫీజు తీసుకొనే కోచింగ్ సెంటర్లు ఈ పోలికను చెప్పకుండా పట్టికలు కంఠస్థం చేయించడం నాకు ఎంతమాత్రం నచ్చదు.

‘ముందు’ దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. మనం ‘తినకముందు’ అంటాం, అందులో ‘కాదు’ అనే అర్థమిచ్చే రూపం ఉంది. మా అమ్మాయి నాలుగో తరగతిలో ‘బిఫోర్ నాట్ ఈటింగ్’ అని రాసింది. టీచరు ఎర్ర గీత గీసి వదిలేశారు. ఆ ‘నాట్’ ఎక్కడి నుంచి వచ్చిందో నేను తెలుగు వాక్యం పక్కన రాసి చూపించాను. ఆ తప్పు అది మళ్లీ చేయలేదు.